నిద్రపోతే పెట్టెలో పెడతారా అన్నా?

సోమవారం నుంచి శుక్రవారం దాకా నా పని సాఫ్ట్‌వేర్. రాసేది కోడ్, తినేది మేనేజర్ చేత చివాట్లు. శనివారం నిద్ర. ఆదివారం మాత్రం ఉదయం తొమ్మిదింటికల్లా పద్నాలుగు మంది ముందు నిలబడాలి. అందరి వయసూ మూడుకీ ఐదుకీ మధ్య. క్లయింట్ కాల్‌కి కూడా నాకు అంత టెన్షన్ ఉండదు. క్లయింట్‌కి మనం చెప్పింది నచ్చకపోతే మెయిల్ పెడతాడు. వీళ్లకి నచ్చకపోతే మధ్యలో లేచి వెళ్లిపోతారు. లేదంటే పక్కవాడి స్నాక్స్ డబ్బా మీద కూర్చుంటారు.

హైదరాబాద్‌లో మేం వెళ్లే చర్చిలో సండే స్కూల్ బిగినర్స్ క్లాస్‌కి నేను టీచర్ని. కోరి చేరలేదు. అంతకుముందు క్లాసు చూసుకునే అక్క డెలివరీకి పుట్టింటికి వెళ్లింది. పాస్టరమ్మగారు నన్ను పట్టుకుని, "బాబూ, ప్రొజెక్టర్ దగ్గర కూర్చుని ఎలాగూ ఫోన్ చూసుకుంటున్నావు. ఓ రెండు నెలలు పిల్లల్ని చూడు నాన్నా" అన్నారు. ఆ అక్క బాబుకి మొన్ననే రెండో పుట్టినరోజు అయ్యింది. నా రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు.

చర్చి అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క ముక్క. సండే స్కూల్ అనగానే చాలామంది పేరు చెప్పేది రాబర్ట్ రైక్స్. ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్ ఊళ్లో పత్రిక నడిపేవాడు. 1780లో అక్కడి పేద పిల్లల కోసం ఆదివారం బడి పెట్టించాడు. మిగతా ఆరు రోజులూ ఆ పిల్లలు పనికి పోయేవాళ్లు, అందుకని ఆదివారం. అక్కడ చదవడం నేర్పేవాళ్లు. ఇప్పుడు మన దగ్గర జరిగేది వేరు. రెండు యాక్షన్ సాంగ్స్, ఒక బైబిల్ కథ, ఒక కంఠత వాక్యం, ఒక బిస్కెట్ ప్యాకెట్. మూడేళ్లవాడి దృష్టిలో మాత్రం ఇది రివర్స్‌లో ఉంటుంది. ముందు బిస్కెట్.

అన్నా, లోపల ఇడ్లీ ఉంది

మొదట్లో నేను చేసిన పని ఏంటంటే, పెద్దవాళ్ల ప్రసంగాన్నే సైజు తగ్గించి పిల్లలకి చెప్పేయడం. ఒక ఆదివారం "యేసయ్య మన లోపలికి వస్తాడు" అన్నాను. ముందు వరసలో ఒకడు షర్టు పైకెత్తి పొట్ట చూసుకున్నాడు. చాలా సీరియస్‌గా, "అన్నా, లోపల ఇడ్లీ ఉంది. ప్లేస్ లేదు" అన్నాడు.

ఇంకో ఆదివారం "మనందరిలో పాపం ఉంది" అని మొదలుపెట్టాను. ఒక పిల్ల చుట్టూ చూసి "ఏ పాప అన్నా?" అని అడిగింది. దాని పక్కనున్న పిల్ల కాస్త పెద్దరికంగా, "పాప కాదే, పడిపోతే అంటారు కదా, అయ్యో పాపం అని, అదీ" అని సర్దిచెప్పింది. ఆలోచిస్తే వాళ్లదే కరెక్ట్. నాలుగేళ్ల పిల్లకి తెలిసిన పాపం జాలితో అనే పాపం ఒక్కటే. ఇంకో పాపం ఉందని ఎవరు చెప్పారు?

ఈ రెండూ ఆఫీసు లంచ్‌లో చెప్పి అందరినీ నవ్వించాను. నేనూ నవ్వుకున్నాను. అప్పుడే జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

యాయీరు కూతురి కథ

మా క్లాసులో ఒక నాలుగేళ్ల పాప ఉంది. అసలు పేరు రాయను, చిన్ని అనుకుందాం. వాళ్ల తాతయ్య చనిపోయి అప్పటికి పదిహేను రోజులు. నాకు తెలుసు. తెలియడమేంటి, ఆదరణ కూడికకి ఫ్లెక్స్ డిజైన్ చేసిందే నేను. ఫొటో చుట్టూ తెల్లపూలు, కింద పెద్ద అక్షరాలతో 'ప్రభువునందు నిద్రించారు'. మన చర్చిల్లో ఎవరు పోయినా రాసే మాటే అది. నా ల్యాప్‌టాప్‌లో దానికి టెంప్లేట్ కూడా ఉంది. పేరు, తేదీలు మారిస్తే చాలు.

ఆ ఆదివారం లెసన్ యాయీరు కూతురు. పన్నెండేళ్ల పిల్ల చనిపోతుంది. ఇంటినిండా ఏడుపులు. యేసు వచ్చి, పిల్ల చనిపోలేదు నిద్రపోతోంది అంటాడు. జనం నవ్వుతారు. ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని లేపుతాడు. కథ బాగా వచ్చింది. చివర్లో నా సొంత తెలివి కొంచెం కలిపాను. "చూశారా, చనిపోవడం అంటే యేసయ్యకి నిద్రపోవడం లాంటిదే! మీరు రోజూ రాత్రి నిద్రపోతారు కదా, అచ్చం అలాగే!" అన్నాను. ఆ తర్వాత ఆట కూడా పెట్టాను. అందరూ చాప మీద కళ్లు మూసుకుని పడుకోవాలి. నేను "లే!" అనగానే గెంతి లేవాలి. పిల్లలకి తెగ నచ్చింది. నాలుగుసార్లు ఆడించాను.

పదమూడు మంది పడుకున్నారు. చిన్ని పడుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుంది. సిగ్గు పడుతోందిలే అనుకున్నాను.

బుధవారం రాత్రి పదకొండున్నరకి వాళ్ల అమ్మ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ అక్క మామూలుగా "వందనాలు తమ్ముడూ" అని నవ్వుతూ మొదలుపెడుతుంది. ఆ రోజు అలా లేదు. "తమ్ముడూ, చిన్ని మూడు రోజుల్నుంచి పడుకోవట్లేదు. కళ్లు మూతలు పడుతుంటే లేచి కూర్చుని ఏడుస్తోంది. ఏంటమ్మా అంటే, నిద్రపోతే పెట్టెలో పెడతారు, తాతయ్యని పెట్టారు కదా అంటోంది. ఆదివారం ఏమైనా చెప్పారా?"

పెట్టె అంటే ఫ్రీజర్ బాక్స్. అమెరికా నుంచి చిన్నకొడుకు వచ్చేదాకా తాతయ్యని అందులోనే ఉంచారు. పైన అద్దం. చిన్ని ఆ అద్దంలోంచి చూసింది. కళ్లు మూసుకుని పడుకున్న తాతయ్య. ఎవరు పిలిచినా లేవని తాతయ్య. చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరూ ఒకటే మాట చెప్పారు, నిద్రించాడని. ఇంటి ముందు ఫ్లెక్స్ మీదా అదే. చివరికి సండే స్కూల్ అన్న వచ్చి, నువ్వు రోజూ పడుకునే నిద్రా అదీ ఒకటేనమ్మా అని కన్ఫర్మ్ చేశాడు.

చెప్పినదాంట్లో పిల్ల తప్పుగా అర్థం చేసుకున్నది ఒక్క ముక్క కూడా లేదు. నేను చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకుంది.

శిష్యులకే అర్థం కాలేదు

మర్నాడు ఆఫీసులో పని సాగలేదు. సాయంత్రం పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "యోహాను సువార్త పదకొండో అధ్యాయం చదువు నాన్నా. లాజరు కథ. మెల్లిగా చదువు" అన్నారు.

లాజరు కథ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వీబీయస్‌లో నాటకం కూడా వేశాను, లాజరు వేషం నాదే. కానీ ఒక చిన్న చోటు ఎప్పుడూ పట్టించుకోలేదు. లాజరు నిద్రపోతున్నాడు, లేపడానికి వెళ్తున్నాను అంటాడు యేసు. శిష్యులు అది నిజం నిద్రే అనుకుంటారు. నిద్రపోతే మంచిదేగా, కోలుకుంటాడు అంటారు. అంత పెద్దవాళ్లు, అన్నాళ్లు వెంట తిరిగినవాళ్లు, అయినా మాటని మాటలాగే తీసుకున్నారు. అప్పుడు ఆయన ఏం చేశాడు? వాళ్లని కోప్పడలేదు. తిన్నగా చెప్పేశాడు, లాజరు చనిపోయాడని. ఇంకాస్త ముందుకెళ్తే సమాధి దగ్గర ఏడ్చాడు కూడా. లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు.

చావుని నిద్ర అనడం క్రైస్తవుల్లో చాలా పాత అలవాటు. సెమెటరీ అంటాం చూడండి, ఆ మాట పుట్టిన గ్రీకు పదానికి అర్థం నిద్రపోయే చోటు. మళ్లీ లేస్తారనే నమ్మకం ఉన్నవాళ్లు పెట్టుకున్న మాట అది. పెద్దవాళ్లకి అది ఓదార్పు. ఎందుకంటే వాళ్లకి నిద్ర వేరు, చావు వేరు అని ముందే తెలుసు. ఆ తేడా ఇంకా తెలియని పిల్లకి అదే మాట చెబితే ఓదార్పు కాదు, భయం.

డీఎస్సీకి చదివిన మా అక్కని అడిగితే నవ్వింది. "పియాజేరా. పూర్వ ప్రచాలక దశ. రెండు నుంచి ఏడేళ్లు. మేం బట్టీ పట్టి పరీక్ష రాశాం, నువ్వు ప్రాక్టికల్ చేశావు" అంది. ఆ వయసులో పిల్లలు కంటికి కనిపించేదాన్ని బట్టి ఆలోచిస్తారు. పోలికలు, ఉపమానాలు వాళ్లకి పోలికలుగా అందవు. చావు గురించే చూస్తే, మరియా నాగీ అనే ఆవిడ హంగేరీలో పిల్లలతో మాట్లాడి 1948లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఐదేళ్లలోపు పిల్లలు చావుని ఒక ప్రయాణంలా, ఒక నిద్రలా అనుకుంటారనీ, పోయినవాళ్లు తిరిగొస్తారని ఎదురుచూస్తారనీ అందులో ఉంది. చావు తిరిగిరానిది, అందరికీ వచ్చేది అనే సంగతి చాలామంది పిల్లలకి ఐదుకీ ఏడుకీ మధ్య మెల్లిగా అందుతుందని తర్వాతి పరిశోధకులు చెప్పారు. అంటే వాళ్లు ఎలాగూ నిద్ర అనే అనుకునే వయసది. దాని మీద మనం ముద్ర వేసి మరీ ఇస్తున్నాం.

తమ్ముడి పొట్ట మీద చెయ్యి

శనివారం చిన్ని వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల అమ్మ పక్కనే కూర్చుంది. నేను కింద కూర్చున్నాను, పిల్ల మొహం నా మొహానికి సమానంగా ఉండాలని.

"చిన్నీ, అన్న పోయిన ఆదివారం ఒక మాట తప్పు చెప్పాడు. సారీ."

చూసింది. ఏం మాట్లాడలేదు.

"తాతయ్య నిద్రపోలేదురా. తాతయ్య చనిపోయారు. చనిపోవడం అంటే ఒళ్లు పనిచేయడం ఆగిపోవడం. ఊపిరి ఉండదు. ఆకలేయదు. నొప్పేయదు."

"చలి?"

"చలి కూడా వేయదు."

"పెట్టెలో వేయలేదా?"

"వేయలేదమ్మా."

వాళ్ల అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. పదిహేను రోజులుగా ఈ పిల్ల మనసులో ఉన్న ప్రశ్న అదన్నమాట. ఎవరూ అడగలేదు కాబట్టి అది చెప్పలేదు.

ఉయ్యాల్లో దాని తమ్ముడు నిద్రపోతున్నాడు. "తమ్ముడి పొట్ట మీద చెయ్యి పెట్టు" అన్నాను. పెట్టింది. "పైకీ కిందకీ వెళ్తోంది" అంది. "అదీ నిద్ర. నిద్రలో ఊపిరి ఆడుతూనే ఉంటుంది. పొద్దున్నే లేస్తాడు. నువ్వూ అంతే. రాత్రి పడుకుంటావు, నీ పొట్ట అలాగే పైకీ కిందకీ వెళ్తుంది, పొద్దున్నే లేస్తావు."

తర్వాత నేను భయపడిన ప్రశ్న రానే వచ్చింది. "అమ్మ చనిపోతుందా?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. నోటిదాకా వచ్చింది. "అందరూ ఎప్పుడో ఒకప్పుడు చనిపోతారు చిన్నీ. చాలామంది బాగా ముసలివాళ్లయ్యాకే. అమ్మ ఇప్పుడు బాగుంది. నిన్ను చూసుకోవడానికి అమ్మ, నాన్న, నానమ్మ అందరూ ఉన్నారు" అన్నాను. మేం నమ్మేదీ చెప్పాను, తాతయ్య యేసయ్య దగ్గర ఉన్నారని. "కానీ తాతయ్య ఇక్కడ లేరు కదా, ఏడుపొస్తే ఏడవచ్చు. ఫ్రెండ్ చనిపోతే యేసయ్య కూడా ఏడ్చాడు."

"నిజంగానా?" అంది. ఆ వారంలో దాని మొహంలో మొదటిసారి కుతూహలం కనిపించిందని వాళ్ల అమ్మ తర్వాత చెప్పింది.

ఆ రాత్రే హాయిగా నిద్రపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. మూడు వారాలు లైటు వేసే పడుకుంది. చాలా రోజులు పడుకునే ముందు తన పొట్ట మీద తనే చెయ్యి పెట్టుకుని చూసుకునేదట, పైకీ కిందకీ వెళ్తోందా అని. కోడ్‌లో తప్పుంటే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. నాలుగేళ్ల పిల్లకి చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడానికి అలాంటి బటన్ లేదు. ఓపిగ్గా మళ్లీ మళ్లీ సరైన మాట చెప్పడమే.

ఇప్పుడు మా క్లాసు

అప్పట్నుంచి కొన్ని మార్చుకున్నాను. లెసన్ రెడీ చేసుకున్నాక ఒక్కో వాక్యం దగ్గర ఆగి అడుగుతాను, దీన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే ఏమవుతుంది? కళ్లకి కనిపించని మాట ఉంటే తీసేస్తాను, లేదా చేతికి అందే వస్తువుగా మారుస్తాను. పాపం అనే చోట ఇప్పుడు "తమ్ముడి బొమ్మ లాక్కున్నాం, వాడు ఏడ్చాడు, సారీ చెప్పాం, మళ్లీ కలిసి ఆడుకున్నాం" అంటాను. అది చాలు. మిగతాది పెద్దయ్యాక వాళ్లే వెతుక్కుంటారు.

బెదిరించడం పూర్తిగా మానేశాను. "అల్లరి చేస్తే దేవుడు చూస్తున్నాడు" అనే డైలాగ్ మాకు చాలా పనికొచ్చేది, క్లాసు క్షణంలో సైలెంట్. కానీ రాత్రి చీకట్లో పిల్ల పక్కన ఉండేది ఏ దేవుడు? చూసి పట్టుకునే సీసీ కెమెరానా, చెయ్యి పట్టుకునేవాడా? నేను ఐదు నిమిషాల సైలెన్స్ కోసం మొదటిదాన్ని ఇచ్చేస్తున్నాను.

1954లో రోమ్‌లో సోఫియా కావల్లెట్టి అనే బైబిల్ పండితురాలు, జియన్నా గొబ్బి అనే మాంటిస్సోరి టీచర్ కలిసి పిల్లలతో ఒక పద్ధతి మొదలుపెట్టారు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి వాళ్లు ముఖ్యంగా చూపించేది మంచి కాపరి కథ. చెక్క గొర్రెలు, చిన్న దొడ్డి, ఒక కాపరి. పెద్దవాళ్లు తక్కువ మాట్లాడతారు, పిల్లలు బొమ్మల్ని కదుపుతారు. ప్రతి గొర్రెనీ పేరు పెట్టి పిలిచేవాడు ఒకడున్నాడు అన్నదే ఆ వయసు పిల్లలకి బాగా పట్టుకుందని ఆవిడ గమనించింది. మాకు చెక్క బొమ్మల బడ్జెట్ లేదు. ఆన్‌లైన్ ఆర్డర్ వచ్చిన అట్టపెట్టె దొడ్డి అయ్యింది, దూదితో గొర్రెలు చేశాం. చిన్ని ఒక్కో గొర్రెకీ పేరు పెట్టింది. ఒకదాని పేరు తాతయ్య. నేనేం అనలేదు. దొడ్డిలో పెట్టి తలుపు వేసింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనం ఏం చెప్పినా నమ్మేసే పిల్లలు, ఎవరు చెప్పినా నమ్మేస్తారు. అందుకే మా క్లాసులో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుంటారు. తలుపు తీసే ఉంటుంది. బాత్రూమ్‌కి తీసుకెళ్లేది అమ్మే. ముద్దు పెట్టమనీ, ఒళ్లో కూర్చోమనీ ఎవరినీ బలవంతం చేయం. "మన చర్చిలో అలాంటివాళ్లు ఎవరున్నారు బాబూ" అని కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. అనుమానం కాదండీ, పద్ధతి. పిల్లల రక్షణకి 2012లో పోక్సో చట్టం వచ్చింది. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబర్ మా క్లాసు గోడ మీద, కంఠత వాక్యం చార్ట్ పక్కనే రాసి ఉంది.

మీరు చర్చికి వెళ్లకపోవచ్చు, గుడికెళ్లొచ్చు, మసీదుకెళ్లొచ్చు, ఎక్కడికీ వెళ్లకపోవచ్చు. కానీ అక్క కొడుకో, అన్న కూతురో ఇంట్లో ఒక బుడ్డది ఉంటుంది. ఎవరైనా పోయినప్పుడు దానికి మనం ఏం చెబుతాం? "తాతయ్య ఊరెళ్లాడు." అయితే నాకు చెప్పకుండా ఎందుకెళ్లాడు? "దేవుడు తీసుకెళ్లిపోయాడు." అయితే రేపు అమ్మని కూడా తీసుకెళ్తాడా? "చుక్క అయ్యాడు." పగలు ఎక్కడుంటాడు? ఇక "అలా చేస్తే కళ్లు పోతాయ్" సంగతి చెప్పక్కర్లేదు. ప్రేమతోనే చెబుతాం. కానీ ఆ ప్రశ్నలు పిల్ల పైకి అడగదు. పక్కమీద ఒక్కతే పడుకుని మోసుకుంటుంది. చనిపోయారు అనే మాట మన నోటికి బరువు. ఆ బరువు మనం మోయకపోతే వాళ్ల మీద పడుతుంది.

మొన్న ఆదివారం చర్చి కాంపౌండ్‌లో వేపచెట్టు కింద ఉడత పడి ఉంది. పిల్లలందరూ మూగారు. కొత్తగా చేరిన మూడేళ్లవాడు నోటి మీద వేలు పెట్టి, "ష్, బజ్జుంది, లేపకండి" అన్నాడు. చిన్ని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"బజ్జోలేదురా. చచ్చిపోయింది. చూడు, పొట్ట కదలట్లేదు."

వాడు కూడా వంగి చూశాడు. కాసేపాగి చిన్నియే అంది, "అయ్యో పాపం."

ఆ మాటకి ఆ అర్థమే చాలు అనిపించింది నాకు. వచ్చే వారం కలుద్దాం. ఈలోగా మీ ఇంట్లో బుడ్డోళ్లకి మీరు చెబుతున్నవి ఒకసారి ఉన్నవి ఉన్నట్టు విని చూడండి.